ఎస్తేర్ చేసిన సైగ

తెరమీద ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని అక్షరాలు పడగానే హాలంతా చప్పట్లు. కొట్టినవాళ్లలో అందరికంటే ముందున్నది నేనే. నా అంత పిచ్చిది కామారెడ్డి జిల్లాలో ఇంకొకతె ఉండదు.

ఆ కథ మాది. ఎల్లారెడ్డి బడి ఆడపిల్లలు బేస్‌బాల్ నేర్చుకుని రాష్ట్ర ఫైనల్ దాకా పోయిన కథ. బంతి విసిరింది నేను, అనిలను. బ్యాట్ పట్టిన పిల్ల వెనకాల గొంతుక్కూర్చుని ఆ బంతి పట్టింది నా దోస్తు ఎస్తేర్. మాకు ఆట నేర్పింది పీఈటీ భూపాల్ సార్. సార్ రిటైరయ్యారు. ఎస్తేర్ ఇప్పుడు కామారెడ్డిలో పీఈటీ. నేను ఎల్లారెడ్డిలో మిషన్ కుట్టుకుంటూ, సాయంత్రాలు అదే బడి మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. సినిమావాళ్లు కథ కోసం వచ్చినప్పుడు ఎస్తేర్ దగ్గరికి పొమ్మన్నాను, అది మాటకారి, బాగా చెబుతుందని. ఆ తెలివి కూడా నాదే.

సినిమా విడుదలైన ఆదివారం మా జట్టు పిల్లలనూ వాళ్ల తల్లులనూ వ్యాన్ ఎక్కించి కామారెడ్డి థియేటర్‌కు తీసుకొచ్చాను. సినిమావాళ్లు పిలిస్తే ఎస్తేరూ భూపాల్ సారూ కూడా వచ్చారు, ఆట అయ్యాక ఎస్తేర్ మాట్లాడుతుందన్నారు. వచ్చే వారం ఆ పిల్లలను రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ తీసుకుపోవాలి. ఆడపిల్లలను పరాయి ఊళ్లో ఉంచడానికి తల్లులు ఊరికే ఒప్పుకోరు, నా మొహం చూసి ఒప్పుకున్నారు. సినిమా చూస్తే ఉన్న కాస్త బెరుకూ పోతుందని నా ఆశ. నా పక్కన తార, దాని పక్కన వాళ్లమ్మ ఈరవ్వ. ఇప్పుడు మా జట్టులో బంతి విసిరేది తారే.

ఇంటర్వెల్‌కు ముందు ఫైనల్ వచ్చింది. నా పాత్రకు వేరే పేరు పెట్టారు, కానీ ఎల్లారెడ్డిలో ఎడమచేత్తో బంతి విసిరిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. తెరమీది ఎస్తేర్ ‘వద్దు, వద్దు’ అని చేతులూపుతూ బతిమాలుతోంది. తెరమీది నేను దానివైపు చూసి ఓరగా నవ్వాను. దోస్తు పైకొస్తుందన్న కుళ్లుతో, కావాలనే, తిన్నగా బంతి విసిరాను. అది మైదానం దాటిపోయింది. జట్టు ఓడింది. వెనక సీటులో ఎవరో నన్ను బూతు తిట్టారు. తార నా చేతిమీంచి తన చెయ్యి తీసేసింది.

అసలు జరిగింది ఇది. మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇంకొక్కరు అవుటైతే గెలుపు మాదే. వాళ్ల పిల్లలిద్దరు పరుగు దారిలో బేస్‌ల మీదున్నారు, బ్యాట్ పట్టింది వాళ్లలో అందరికంటే గట్టిది. భూపాల్ సార్ ఎస్తేర్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పి పంపారు. బేస్‌బాల్‌లో నాలుగు బంతులు పక్కకు వేస్తే కొట్టే పిల్ల ఊరికే మొదటి బేస్‌కు నడిచిపోతుంది. ఆమె తర్వాత వచ్చేది చేతగాని పిల్ల. కాబట్టి ఆమెను నడిపించేయమని సార్ మాట. కానీ మేం గల్లీ క్రికెట్‌లో పెరిగినవాళ్లం. వైడ్ వేయడమంటే మాకు తల కొట్టేసినట్టే. ఎస్తేర్‌కు రోషం వచ్చింది. సార్ మాట నాకు చెప్పకుండా కూర్చుని, మోకాళ్ల మధ్య ఒక వేలు చూపించింది. ఒక వేలంటే తిన్నగా, వేగంగా. దాని సైగను నేను ఏనాడూ కాదనలేదు. విసిరాను.

“నడిపియ్యమని చెప్పి పంపితి గదా. ఎవరు ఇసరమన్నరు?” అన్నారు సార్ ఆట అయ్యాక. ఎస్తేర్ నా వెనక్కి జరిగింది. మర్నాడే స్పోర్ట్స్ హాస్టల్ ఎంపిక, అది సార్ మాట మీదే ఆధారపడి ఉంది. ఇంట్లో చదివించే స్తోమత లేదు దానికి. నాకు మాత్రం ఉందా? అయినా నా నోరు ఆగలేదు. “ఎస్తేర్ చెప్పింది సార్. నేనే విన్లే” అన్నాను. హాస్టల్‌కు అది పోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. “సచ్చేదాంక మర్వనే” అంది.

ఇంటర్వెల్‌లో సమోసాల దుకాణం పక్కన ఎస్తేర్‌ను పట్టుకున్నాను.

“ఏందే ఇది?”

“సినిమా అంటే గట్లనే ఉంటదే. చెడ్డది ఒకతి లేకుంటే ఎవ్వలు చూస్తరు? డైరెక్టర్ కలిపిండు.”

“వద్దని బతిమాలినట్టు గూడ ఆయనే కలిపిండా? సైగ చేసింది ఎవ్వలే?”

అది అటూ ఇటూ చూసింది. “మెల్లగ మాట్లాడు. విన్లే అని సార్‌తోని నువ్వే చెప్పినవ్ గదా. నేను గదే చెప్పిన. అబద్ధం ఏమున్నది?”

చెంప పగలగొట్టేదాన్నే, నా పిల్లలు అక్కడే నిలబడి చూస్తున్నారు. గొంతు తగ్గించాను.

“సినిమా ఎట్లన్న పోనీ. అయిపోయినంక మాట్లాడుతవు గదా. నా పిల్లల ముందట ఒక్క మాట చెప్పు, గా సైగ నాదే అని. ఇన్నేండ్లల్ల నిన్నేం అడగలే. వీండ్ల తల్లులు నన్ను నమ్మకుంటే నాకేం మిగలదే.”

అది నా చెయ్యి పట్టుకుంది. “చెప్త. నీ కోసం గింత చెప్పనా?”

నమ్మాను. మళ్లీ నమ్మాను.

సినిమా అయ్యాక తెర ముందు చిన్న సభ పెట్టారు. ఎస్తేర్ మైకు తీసుకుని నన్ను పైకి పిలిచింది. నా భుజం మీద చెయ్యేసింది.

“సినిమాల చూసిన దోస్తు ఈమెనే. ఆ దినం ఈమె చేసిన పనికి నేనెంత ఏడ్చిననో దేవునికే తెలుసు. కానీ ఎన్నడో మాఫ్ చేసిన” అని నన్ను కౌగిలించుకుంది. హాలు దద్దరిల్లింది. అందరి చేతుల్లో ఫోన్లు లేచాయి. నా పిల్లలు కూడా చప్పట్లు కొడుతున్నారు.

మైకు గుంజుకున్నాను. “మాఫ్ చేసుడేందే? సార్ చెప్పింది నీకు. నువ్వు నాకు చెప్పలే. వేలు చూపెట్టినవ్, నేను ఇసిరిన. నీ తప్పు నా నెత్తినేసుకున్న. ఇప్పుడన్న చెప్పవే.”

అది మొహం చేతుల్లో దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. జనం నన్ను పురుగును చూసినట్టు చూశారు.

ముందు వరసలోంచి భూపాల్ సార్ లేచారు. చెడ్డ మనిషి కాదు. ఆయన నన్నెప్పుడూ బిడ్డా అనే పిలుస్తారు.

“బిడ్డా, గప్పుడు నీ నోటితోనే చెప్పినవ్ గదా. ఇయ్యాల గా పిల్ల మీద ఎందుకేస్తున్నవ్?”

“గప్పుడు అబద్ధం చెప్పిన సార్.”

“మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?”

ఆయన నిజంగానే అడిగారు. ఆ సైగ చూసింది నేనొక్కదాన్నే.

ఎల్లారెడ్డికి తిరిగొచ్చాం. రెండు రోజులు మైదానానికి ఒక్క పిల్ల కూడా రాలేదు. మూడో రోజు ఈరవ్వ నా దుకాణానికి వచ్చి గడపలోనే నిలబడింది.

“మనసుల ఏం పెట్టుకోకు అనిలా. పిల్లలను ఎస్తేర్ మేడం తీస్కపోతదట. థియేటర్ల మాతోని మాట్లాడింది.”

“నేర్పింది నేను గదా అక్కా. నాతోని ఎందుకు పంపరు?”

“నా బిడ్డ గూడ ఇసిరేదే గదా. రేపు అది పైకొస్తుంటే, దాని మీద గూడ నీకు కుళ్లు పుడితే?”

పాపం, ఆమెనేమనను? ఆమె చూసింది ఆమె నమ్మింది. మిషన్ తొక్కుతూ ఏడ్చాను, ఆ రోజు కుట్టిన జాకెట్టు మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చింది.

గ్లౌజులు, బ్యాట్లు నా ఇంట్లోనే ఉన్నాయి. తాళం వేసి కూర్చుందామా అనిపించింది. కానీ ఆడేది నా పిల్లలు. పోయే రోజు పొద్దున మూటగట్టి ఎల్లారెడ్డి బస్టాండుకు మోసుకుపోయాను. అప్పటికే అందరూ బస్సెక్కారు. ముందు సీటులో ఎస్తేర్. దాని వైపు చూడకుండా మూట లోపల పెట్టి, దిగి, తార కూర్చున్న కిటికీ దగ్గరికి వెళ్లాను. విసిరే ముందు భుజం బాగా తిప్పుకోమన్నాను, నీళ్లు తాగమన్నాను. ఇక ఉండబట్టలేదు.

“తారా, ఓడినా గెలిచినా ఇంకొకళ్ల తప్పు నీ నెత్తినేసుకోకు. దోస్తు అయినా సరే.”

తార బుద్ధిగా తలూపింది. “మేడం గూడ చెప్పింది అక్కా. మంచిగ ఉండుమన్నది. నీ లెక్క కావద్దన్నది.”

బస్సు కదిలింది. ఎస్తేర్ కిటికీలోంచి నవ్వుతూ నాకు చెయ్యి ఊపింది. దాన్ని చూసి పిల్లలందరూ ఊపారు.