రెండు మోతలు

భద్రమ్మకు చావంటే భయం లేదు. ఆమె భయమంతా గోడ మీది మీటరే.

నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే తెల్లకార్డు ఉన్న ఇంటికి జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. ఒక్కసారి దాటిందంటే ఆ జీరో ఇక జన్మలో తిరిగి రాదని రేషన్ షాపు ముందు ఎవరో అన్నారు. ఆ మాట ఆమె చెవిలో దిగబడిపోయింది. చేతికొచ్చే పింఛన్‌లో సగం కరెంటుకే పోతే ఏం తినాలి, మందులు ఎట్లా కొనాలి?

ఆ రోజు కూడా లేవగానే మీటరు ముందు నిలబడింది. ఎర్ర చుక్క నిదానంగా వెలిగి ఆరుతోంది. ముసలి గుండె కొట్టుకున్నట్టు. ఫర్వాలేదనుకుని, ముఖం కడుక్కుని, చాయ్ తాగి రాట్నం ముందు కూర్చుంది.

కొత్తవాడలో పుట్టి, కొత్తవాడలోనే ఇంకో సందుకు కోడలిగా వచ్చిన మనిషి. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆమె పని ఒకటే. భర్త కట్టయ్య జంపఖానలు నేస్తుంటే కండెలకు నూలు చుట్టివ్వడం. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంది, ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి నూలు జారుతుంది. ఏళ్ళ తరబడి జారీ జారీ చూపుడు వేలి మీద సన్నటి గాడి పడింది. చక్రం తిప్పిన భుజం పైకి లేచి, రెండోది కిందికి దిగి, ఆమె నడుస్తుంటే ఒక చేత్తో బిందె మోస్తున్నట్టే ఉంటుంది. పిల్లలు పుట్టలేదు. కట్టయ్య పోయాక మగ్గం విప్పి అమ్మింది. మగ్గం గుంతను మట్టితో పూడ్చి పైన సిమెంట్ పోయించింది. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు అదే. రాట్నం మాత్రం అమ్మలేదు. చేనేత సొసైటీలో మిగిలిన నాలుగైదు మగ్గాలకు ఇప్పటికీ కండెలు చుట్టి ఇస్తుంది.

వెనక సందులో మరమగ్గాలు దిగినప్పుడు కట్టయ్య ఒక మాట అనేవాడు. "ఎంత మోత జేస్తే అంత కరెంట్ తింటదే భద్రా. మన మగ్గం మోత జెయ్యది, కరెంట్ తినది. మనల్ని గూడ తిననియ్యది, గదొక్కటే తక్లీఫు." అని తనే నవ్వేవాడు. కరెంటు గురించి భద్రమ్మకు తెలిసిన చదువు అంతే.

వెనక పోర్షన్‌లో రమ్య అద్దెకుంటోంది. చీరలకు ఫాల్స్ కుడుతుంది. మొగుడు హరీష్‌ది ట్రాలీ ఆటో. ఇల్లంతటికీ మీటరు ఒక్కటే. వాళ్ళ పాప తేజస్వికి ఐదేళ్ళు. చలికాలం చివర్లో పిల్లకు కామెర్లు వచ్చాయి. తగ్గినా, కొన్నాళ్ళు నూనె ముట్టించొద్దని డాక్టర్ చెప్పాడు. మెత్తటిది ఏది పెట్టినా పిల్ల ఉమ్మేసేది. పక్కటెముకలు బయటపడ్డాయి. అప్పుడే రమ్య ఆడబిడ్డ దీప్తి కొత్త ఎయిర్ ఫ్రయ్యర్ కొనుక్కుని, పాతది వీళ్ళకు ఇచ్చింది. నూనె లేకుండా ఆలుగడ్డ ముక్కలు కరకరలాడుతూ బయటికి వచ్చాయి. పిల్ల గిన్నె ఖాళీ చేసింది. రమ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గుమ్మంలో నిలబడి భద్రమ్మ అదంతా చూసింది.

దాని మోత కూడా విన్నది. మరమగ్గమంత మోత. గబగబా పోయి మీటరు చూస్తే ఎర్ర చుక్క పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది.

చెబితే రమ్య ఆ క్షణమే ఆపేస్తుంది. అసలే అది భయస్తురాలు. మునుపటి ఇంటి ఓనరు కరెంటు ఎక్కువ కాలుస్తున్నారని సామాను బయట పెట్టించాడట. ఇప్పటికీ స్విచ్ వేసేముందు ఓసారి భద్రమ్మ గదివైపు చూస్తుంది. అందుకని భద్రమ్మ ఎవరికీ చెప్పకుండా తనకు తానే ఒక కట్టడి పెట్టుకుంది. ఇంట్లో రెండు మోతలు ఉండొద్దు. ఫ్రయ్యర్ తిన్నదానికి తన గదిలోని కూలర్ ఉపవాసం ఉండాలి. ఫ్రయ్యర్ ఎంత తింటుందో తెలియదు. అందుకే ఫ్రయ్యర్ మొదలైన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా కూలర్ ఆపేసేది.

మధ్యాహ్నం ఎండకు సందులో కుక్క కూడా లేదు. వెనక నుంచి మోత మొదలైంది. భద్రమ్మ లేచి కూలర్ కట్టేసింది. కాసేపటికి తేజస్వి పరుగెత్తుకొచ్చింది. వెనకే రమ్య, చేతిలో గిన్నె.

"విమానం దిగిందా?" అని అడిగింది భద్రమ్మ. ఫ్రయ్యర్‌కు దాని మోతను బట్టి పిల్ల పెట్టిన పేరది.

"దిగింది అవ్వా. రేపు నువ్వు గూడ ఎక్కుతవా?"

"నన్నెక్కిచ్చుకుంటే దానికి కరెంట్ సాలది బిడ్డా. నాది బరువెక్కువ."

"ఆ, మస్తు బరువు! గాలొస్తే లేసిపోయేటట్టున్నవ్." అన్నది రమ్య. గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయింది. "గిదేంది అవ్వా, పొయ్యిల కూసున్నట్టున్నవ్. కూలర్ బంద్ జేసినవేంది?"

"దాని మోతకు తల నొస్తాంది."

"మా దాని మోతతోని గూడ నొస్తాందా? నొస్తే చెప్పు, బంద్ జేస్త."

"నీ నోట్ల మన్నువడ. పొల్ల తింటాంటె మోతేందే?" భద్రమ్మ తేజస్వి చెంపలు పట్టి చూసింది. "జర కండ వట్టింది. ఇగో, రేపు బిల్లు కొట్టేటాయన వస్తడు. ఆయనొచ్చి పోయినంక నేను గూడ పొద్దందాక కూలర్ ఏస్కుంట, సరేనా?"

బిల్లుకూ కూలర్‌కూ ఏం సంబంధమో రమ్యకు తట్టలేదు. ముసలామె మాటలే అంత అనుకుంది.

వాళ్ళు వెళ్ళాక భద్రమ్మ ఇంకో కండె మొదలుపెట్టింది. నూలు వేలికి అంటుకుంటోంది. వేలికి చెమట లేదు, పొడిగా కాలుతోంది. కళ్ళు తిరిగాయి. తువ్వాలు తడిపి మీద కప్పుకుని, మగ్గం గుంత పూడ్చిన చోట నేల మీద గోడవైపు తిరిగి పడుకుంది. తలపైన గోడకు కూలర్ స్విచ్ ఉంది. ఒకసారి దాన్ని చూసింది. ఈ ఒక్క పూటే కదా అనుకుంది.

దీపాలు పెట్టే వేళకు రమ్య మళ్ళీ గిన్నె తెచ్చింది. ఈసారి బెండకాయ ముక్కలు. కిటికీలోంచి చూస్తే గదిలో చీకటి, గోడవైపు తిరిగి పడుకున్న ఆకారం. గిన్నె మీద మూత పెట్టి కిటికీలో ఉంచింది.

"ముసలామె గదిల చప్పుడే లేదేంది?" అన్నాడు హరీష్ చేతులు కడుక్కుంటూ.

"పండుకున్నది. మోతకు తల నొస్తాందన్నది, నువ్వు లేపకు."

తెల్లారి బిల్లు కొట్టే ఓంప్రకాశ్ వచ్చాడు. మిషన్‌లోంచి చీటీ సర్రున వచ్చింది. రమ్య చీటీ కోసం చెయ్యి చాపింది.

"జీరోనే చెల్లే. రెండు వందలకు మస్తు దూరమున్నరు."

"గదేందన్నా, మాకు ఎయిర్ ఫ్రయ్యర్ గూడ ఉన్నది. దినాం నడుస్తది."

"ఎంతసేపు?"

"పావుగంట."

ఓంప్రకాశ్ నవ్వాడు. "దాని మోత చూసి బుగులు వడ్డరా? పావుగంటకు అర యూనిట్ గూడ కాలది. నడిపినంతసేపే చుక్క ఉరుకుతది, ఆపినంక ఏముండది. ఒక్క నెల దాటినా ఆ నెలకే బిల్లు, మళ్ళ తగ్గితే మళ్ళ జీరో. ఫికర్ జెయ్యకుండ్రి."

నెలల నుంచి గుండెల మీదున్న బండ దిగిపోయింది రమ్యకు. చీటీ పట్టుకుని ముందు గదికి ఉరికింది.

"అవ్వా! జీరో వచ్చింది! మన విమానం ఏం తింటలేదట! లే అవ్వా, కూలర్ ఏస్కో ఇగ!"

తలుపు తోస్తే తెరుచుకుంది. గదిలో గాలి నిన్నటిదే. భద్రమ్మ నిన్న పడుకున్నట్టే ఉంది. మీది తువ్వాలు అట్టలా ఎండిపోయింది. రాట్నం మీద సగం చుట్టిన కండె, దాని నుంచి నేల దాకా ఒక నూలు పోగు. రమ్యకు ఏం చేయాలో తోచలేదు. ముందు వెళ్ళి కూలర్ స్విచ్ వేసింది. గదంతా మోత నిండింది. అప్పుడు కూర్చుని, ఆ చల్లటి చేతిలో చీటీ పెట్టి, వేళ్ళు మూయబోయింది. వేళ్ళు మూసుకోలేదు.

ఆ తర్వాత తేజస్వికి అన్నం పెట్టేటప్పుడల్లా రమ్య ఫ్రయ్యర్ స్విచ్ మీద చెయ్యి వేసి, గోడ అవతల ఏదైనా వినిపిస్తుందేమోనని ఆగుతుంది. ఏమీ వినిపించదు. పిల్లకు ఆకలవుతుంది. స్విచ్ వేయక తప్పదు.

ఈ ఎండల్లో మీ పక్క గదిలో రోజూ వినపడే కూలర్ మోత ఆగిపోతే, చప్పుడు తగ్గింది కదా అని ఊరుకోకండి. పడుకున్నారేమో, ఎందుకు లేపడం అనుకోకండి. దయచేసి ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టండి. కిటికీలో మీరు పెట్టిన గిన్నె మూత ఎవరైనా తీశారో లేదో చూడండి.