నా పేరు మీద ఎక్స్‌రే

ఎండలు ముదిరితే మా ఇంట్లో ఫ్యాను దగ్గర గొడవ మొదలవుతుంది. మా అత్తమ్మ మల్లవ్వ పొద్దున ఎనిమిదింటికి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేయడానికి కూర్చుందంటే ఫ్యాను బంద్ కావాలి, కిటికీ రెక్కలు మూసెయ్యాలి. లేకపోతే తంబాకు పొడి ఇల్లంతా లేస్తుంది. మా ఆయన రాజేందర్ సరిగ్గా అదే సమయానికి తినడానికి కూర్చుంటాడు. ఆయన ఫ్యాను వేస్తాడు, ఆమె బంద్ చేయమంటుంది.

"మోటర్లు బాగుచేసెటోని ఇంట్ల ఫ్యాను తిరుగది," అన్నాడు ఆయన ఆ రోజు, చెమట తుడుచుకుంటూ.

"నీ బుక్కెడు బువ్వ అయిపోయేదాక ఓపిక పట్టరాదుర. ఉడుకుతే వాకిట్ల కూసోని తిను," అంది అత్తమ్మ.

నేను ఫ్యానును ఒకటి మీద పెట్టాను. అది ఇద్దరికీ నచ్చలేదు. ఆయనకు గాలి తగలలేదు, ఆమెకు పొడి ఆగలేదు. నువ్వు ఎవరి దిక్కు అని ఇద్దరూ నన్నే అడుగుతుండగా ఫోన్ మోగింది.

ఫోన్‌లో కల్పన. ఫిబ్రవరిలో మా కోరుట్లకు సర్వేకు వచ్చిన అమ్మాయి. "వనితగారూ, క్యాంపులో తీసిన మీ ఎక్స్‌రేలో ఒకచోట మచ్చలాగా ఉంది. భయపడకండి. టీబీ ఉందేమో చూడడానికి తెమడ పరీక్ష చేయించాలి. శనివారం జగిత్యాల రాగలరా?" అని అడిగింది.

నేను ఏ ఎక్స్‌రే తీయించుకోలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే కార్డు సంగతి చెప్పాలి. బీడీ కార్డు ఉన్నవాళ్ళకే ఆకు, తంబాకు ఇస్తారు. పదేళ్ళ కింద అత్తమ్మ పాత కార్డు వయసు నిండిందని మూసేసినప్పుడు, మా వాడకు ఆకు తెచ్చే టేకేదారు జలపతి కొత్త కార్డు నా పేరు మీద రాయించాడు. పేరు నాది, పని ఆమెది. మా వాడలో సగం ఇళ్ళలో ఇదే పద్ధతి. కోడలి కార్డు మీద అత్త చేస్తుంది, బిడ్డ కార్డు మీద తల్లి చేస్తుంది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు. నేను జగిత్యాలలో బీఎస్సీ చదివాను. ఇప్పటికీ ఒక బీడీ వంకర లేకుండా చుట్టలేను.

బీడీలు చేసే ఆడవాళ్ళు జబ్బు చేస్తే ఎక్కడికి పోతారు, ఎన్నాళ్ళకు పోతారు, ఎవరికి వైద్యం అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నది కల్పన బృందం పరిశోధన. కార్డుల జాబితాలోంచి చీటీ తీసినట్టు పేర్లు తీస్తే నా పేరు వచ్చింది. ఆమె మా ఇంట్లో కూర్చుని ట్యాబ్‌లో చూస్తూ ప్రశ్నలు అడిగింది, నేను జవాబులు చెప్పాను. రోజుకు ఎన్ని గంటలు పని అంటే ఎనిమిది అన్నాను. అవి అత్తమ్మ గంటలు. చదువు అంటే డిగ్రీ అన్నాను. రెండు వారాలకు మించి దగ్గు ఉందా అంటే లేదన్నాను. పోయినసారి జ్వరం వస్తే ఎన్నాళ్ళకు డాక్టర్ దగ్గరికి పోయారు అంటే రెండో రోజే అన్నాను. అవన్నీ నావి. బరువు కూడా నాదే చూసింది. ఏ జవాబూ అబద్ధం కాదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. లోపలి గదిలోంచి దగ్గు వినబడి కల్పన తల ఎత్తితే, మా అత్తమ్మ, ఊరికే సాయం చేస్తుంటుంది అన్నాను.

వారం తర్వాత ఎక్స్‌రే బండి వచ్చింది. ఆ రోజు మా అమ్మాయి అక్షిత స్కూల్లో మీటింగ్ ఉండి నేను పోలేదు. పేరు పిలిస్తే ఎవరూ లేవకపోతే కార్డు రద్దు చేస్తారేమోనని అత్తమ్మ భయపడి, కార్డు పట్టుకుని తానే పోయింది. వనిత అంటే "ఆఁ" అంది. కొంగు కప్పుకున్న నలభై మంది ఆడవాళ్ళ వరుసలో మిషన్ దగ్గరి పిల్లలు ముఖాలు చూసి ఉండరు.

ఇదంతా ఆ పొద్దున ఫ్యాను కింద నిలబడి విడదీసుకుంటే, ఎక్స్‌రే అత్తమ్మదే కావాలి. కానీ ఆమె ఒప్పుకోలేదు.

"నా ముందల మన పక్కింటి రచన నిలవడ్డది. మిషనోడు పిలిచినోళ్ళనే మళ్ళ పిలిచిండు. గా ఫోటో ఆమెదేమో," అంది.

"మరి నీ దగ్గు?" అన్నాడు మా ఆయన.

"బీడీలు చేసెటోళ్ళకు దగ్గు రాదా? నలభై ఏండ్ల నుంచి దగ్గుతున్న. గిప్పుడు కొత్తగ రోగమెట్లయితది?"

మా మామయ్య సమ్మయ్య మోకాళ్ళు పోయాక తాటిచెట్లెక్కి కల్లు గీయడం మానేసి గడపలో కూర్చునే మనిషి. అంతా విని, "ఇంతకు రోగం ఎవలకే?" అని అడిగాడు. రచనకా, అత్తమ్మకా, పేరు ఉంది కాబట్టి నాకా.

తర్వాతి మూడు రోజులు సలహాలతో గడిచాయి. జలపతికి సంగతి ఎట్లా తెలిసిందో, ఆకు దించడానికి వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. నేను పోయి నా తెమడ ఇవ్వాలట. ఏమీ లేదని వస్తుంది, అక్కడికి ఒడిసిపోతుంది. "నోరిప్పితే మీ ఒక్క కార్డే కాదు చెల్లె, వాడ వాడంతా ఆగమైతది," అన్నాడు. అతను కోపంగా లేడు. అతనికీ భయంగానే ఉంది.

మా ఆడబిడ్డ రాధది సిరిసిల్ల. ఫోన్‌లో ఆమె చెప్పింది దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. అమ్మ తెమడే నా పేరు మీద ఇవ్వమంది. మందులు నా పేరు మీద వస్తాయి, అమ్మ మింగుతుంది. "గోలీకి పేరుంటదా వదినె?" అంది. ఈ మాట నాకు చాలా బాగా తోచింది. ఒక పూటంతా దాన్నే పట్టుకుని ఉన్నాను. కార్డు ఉంటుంది, అత్తమ్మకు మందు అందుతుంది. ఇంతకాలం ఆమె కష్టం నా పేరు మీద పోయింది, ఇప్పుడు ఆమె రోగం కూడా పోతుంది. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం ఏదో అడ్డం పడేది. ఏమిటో తెలిసేది కాదు.

శనివారం ఒక్కదాన్నే జగిత్యాల పోయాను. బస్టాండుకు దగ్గర్లో ఒక ఇంటి పైగదిలో కల్పన వాళ్ళ ఆఫీసు. నన్ను చూసి, బాగానే ఉన్నారే అన్నట్టు ఒక క్షణం ఆగి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. నల్లటి తెర మీద తెల్లటి పక్కటెముకలు. కుడివైపు పైన దూది అంటినట్టు మసక. అది నాది కాదని తెలిసీ నా ఊపిరి నాకు బరువనిపించింది.

కల్పన వేలు మసక మీద ఆగలేదు. ఎడమ భుజం దిక్కుకు పోయింది. "ఈ కాలర్ ఎముక ఎప్పుడు విరిగింది మీకు?"

తెల్లగా, పక్కకు జరిగి అతుక్కున్న ఎముక. పెళ్ళైన కొత్తలో నాకు ఎవరో చెప్పారు. మా ఆయనకు మూడేళ్ళున్నప్పుడు అత్తమ్మ బావి గట్టు మీద జారి పడితే, ఆసుపత్రికి పోకుండా ఊళ్ళోనే కట్టు కట్టించుకుందని. ఇప్పటికీ ఆమె బిందె ఎడమవైపు ఎత్తుకోదు. ఎక్స్‌రే రచనదేమోనన్న అనుమానం అక్కడితో పోయింది.

"చిన్నప్పుడు," అన్నాను.

అప్పటిదాకా సగం నిజాలు చెప్తూ వచ్చాను, ఇది మాత్రం పూర్తి అబద్ధం.

"నాకేం అర్థం కావట్లేదండీ," అంది కల్పన. "ముప్పై ఆరేళ్ళ మనిషి ఊపిరితిత్తుల్లా లేవు ఇవి. దగ్గు లేదన్నారు. జ్వరమొస్తే రెండో రోజే డాక్టర్ దగ్గరికి వెళ్తానన్నారు. మీ ఫారం ఒకటి చెప్తోంది, ఈ బొమ్మ ఇంకోటి చెప్తోంది."

నేను మాట మార్చడానికి మిగతా ఫారాలు ఏం చెప్తున్నాయని అడిగాను. ఆమె సంతోషంగానే చెప్పింది. ఇంకా లెక్క పూర్తి కాలేదట. ఇప్పటికి చూస్తే కార్డున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది నడివయసు లోపు వాళ్ళే, బళ్ళో చదువుకున్నవాళ్ళే, డాక్టర్ దగ్గరికి ఆలస్యం లేకుండా పోతున్నవాళ్ళే. వైద్యం అందడంలో మేం అనుకున్నంత తేడా ఇక్కడ లేదేమో అనిపిస్తోంది అంది. మా వాడ మొత్తం నా కళ్ళ ముందు తిరిగింది. ఆ ఫారాలు చెప్పింది కోడళ్ళు. లోపలి గదుల్లో దగ్గింది అత్తలు. వాళ్ళు ఏ ఫారంలోనూ లేరు. నేను ఒక్కదాన్నే తప్పు చెప్పానని అనుకుంటూ వచ్చాను. అట్లా చెప్పినవాళ్ళం ఎంతమందిమో.

ఒక డబ్బీ ఇచ్చి, పొద్దున లేవగానే వచ్చే తెమడ పట్టి తెమ్మంది. జబ్బే అని తేలితే బరువును బట్టి మందులిస్తారు, ఇంట్లో ఉన్నవాళ్ళకూ పరీక్షలు చేస్తారు అంది. "మీ బరువు అరవై రెండు కదా," అంటూ తెరలో చూసుకుంది. అత్తమ్మ నలభై కూడా ఉండదు. రాధ చెప్పిన ఉపాయం నా చేతిలోంచి జారిపోయినట్టయింది. గోలీకి పేరు లేకపోవచ్చు, కానీ ఒంటికి కొలత ఉంది.

"ఫారంల పేరు మార్చి రాయొచ్చా?" అని అడిగాను.

"ఎందుకు?"

"ఊరికే."

అప్పుడే చెప్పేదాన్ని. కానీ చెప్పబోతుంటే నా వెనక నలభై కొంగులు వరుసగా నిలబడ్డట్టు అనిపించింది. వాళ్ళను అడగకుండా వాళ్ళ సంగతి నేనెట్లా చెప్పాలి? చెప్పకుండా ఇంటికి ఎట్లా పోవాలి? ఏదీ తేలక, డబ్బీని బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. కోరుట్ల వచ్చిందని కండక్టర్ అరిచేదాకా దిగాలని గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మూసిన గదిలో బీడీలు చేస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, నీ మెడ కింది బొక్క ఇరిగినప్పుడు కట్టు ఎన్ని రోజులుంచిన్రు?"

ఆమె వేళ్ళు ఆగాయి. నేను ఈ ఇంటికి వచ్చాక ఆ వేళ్ళు మధ్యలో ఆగడం చూడలేదు.

"గది గూడ కనవడ్డదా ఫోటోల?"

"కనవడ్డది."

ఆకు మీద తంబాకు పోసి, చుట్టకుండా అట్లాగే పట్టుకుంది. "ఆ కార్డు పోతే నేనేం జెయ్యాలె వనితా?" అంది. "పొద్దుమూకులు గోడ దిక్కు సూసుకుంట కూసోవాల్నా మీ మామ లెక్క?"

ఆమె ఇంటి కోసం చేస్తోందని నేను అనుకునేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. పన్నెండేళ్ళప్పుడు చాట పట్టుకున్న మనిషికి చేతులు ఖాళీగా ఉండడం అంటే ఏమిటో నాకు తెలియదు. రోగం కన్నా అదే ఆమెకు పెద్ద భయం అని మాత్రం ఆ మాటలో తెలిసింది. నేను నోరు తెరిస్తే ఆమె చేతుల్లో ఉన్నది పోతుంది. తెరవకపోతే ఊపిరి పోతుంది. ఆమెను అడిగితే ఏది ఎంచుకుంటుందో తెలిసే, నేను అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం అయిదుగురం తినడానికి కూర్చున్నాం. కోడికూర ఉంది కాబట్టి అక్షిత ఒక్కతే హుషారుగా ఉంది. మా ఆయన బజారులో జలపతి కలిశాడని చెప్పాడు. సోమవారం డబ్బీ ఇచ్చి వస్తే పని అయిపోతుందన్నాడట. అది చెప్తూ ఆయన నా ముఖంలోకి చూడలేదు. అమ్మ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఎవరైనా వేరే దారి చెప్తే బాగుండని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు. మామయ్య ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. అత్తమ్మ దగ్గు ఆపుకోవడానికి నీళ్ళు తాగింది.

నాకు ఆ నిమిషం దాకా ఏదీ తేలలేదు. తేలిందని ఇప్పుడు కూడా అనలేను. అత్తమ్మ పళ్ళెంలో ఇంకొంచెం కూర వేసి చెప్పాను.

"రేపు అత్తమ్మను తీస్కొని జగిత్యాల పోతున్న. డబ్బీ మీద మల్లవ్వ అని రాపిస్త. ఫారంల చెప్పిన పని గంటలు అత్తమ్మయి, తక్కిన జవాబులు నావి అని గూడ చెప్త. వాడల ఇంకెవలెవలు గిట్ల చేస్తున్నరో నేను చెప్ప. మన ఇంటిది చెప్త."

"మరి కార్డు?" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ తల ఎత్తలేదు. ఆమె కూడా అదే ప్రశ్న అడుగుతోందని నాకు తెలుసు.

"కార్డు సంగతి నాకు తెల్వది," అన్నాను. "ఏడింటి బస్సుకు పోతం. పొద్దుగాల లేవంగనే ఏం తాగకు అత్తమ్మా, డబ్బీల పట్టాలె."