పసుపు ఇసుకలో అడుగులు

మనవరాలు భవిత స్కూల్ బస్ ఎక్కాక, కూతురు స్రవంతి షికాగో రైలుకి వెళ్ళిపోయాక, రాజేశ్వరమ్మ గిన్నెలు సర్దేసి వెనక తలుపు తీసేది. పక్కింటి పిలార్ అప్పటికే కాఫీ కప్పుతో మెట్ల మీద కూర్చుని ఉండేది. స్పెయిన్‌లోని సెవిల్‌లో పుట్టి, డెబ్బై దాటిన ఆ మనిషి స్పానిష్‌లో ఏదో చెప్పేది, ఈవిడ తెలుగులో జవాబిచ్చేది. షికాగో శివారు నేపర్‌విల్‌లో పగలంతా ఒకరికొకరే తోడు. పిలార్ భర్త పోయి పదకొండేళ్ళు. రాజేశ్వరమ్మ భర్త పోయింది మొన్న జనవరిలోనే.

ఆయన, వెంకట రమణగారు, డిసెంబర్‌లోనే రాజమండ్రి వెళ్ళిపోదామన్నారు. "ఈ చలికి తట్టుకోలేకపోతున్నానే, పోదాం పద," అని రోజూ అడిగేవారు. భవిత పుట్టినరోజు అయ్యాక వెళ్దామని ఆవిడే ఆపింది. ఆ పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు ఆయన గుండె ఆగింది. అప్పట్నుంచి ఊరి మాటెత్తితే ఆవిడ లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేది. వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చెయ్యమని కూతురికి చెప్పింది.

ఏప్రిల్ చివరి ఆదివారం స్పెయిన్ వాళ్ళు పార్కులో తమ వసంతకాలపు తిరునాళ్ళు పెట్టారు. చారల గుడారాలు, కాగితపు లాంతర్లు, కుచ్చుల గౌన్లు, నేలంతా పసుపు ఇసుక. పిలార్ తల్లీకూతుళ్ళని వెంటబెట్టుకెళ్ళింది.

గిటార్ మోగింది. జంటలు ఎదురెదురుగా నిలబడ్డాయి. పిలార్ ఎదుట ఎవరూ లేరు. ఆవిడ చేతులెత్తి అడుగేయగానే ఎదుటి ఇసుకలో బూటు ముద్రలు పడ్డాయి. ఒకటి, రెండు, గిర్రున తిరిగి మూడు. పక్క జంట కాస్త జరిగి చోటిచ్చింది.

"వాళ్ళాయన ఏటా వస్తాడటమ్మా," అంది స్రవంతి నిమ్మరసం తాగుతూ. "నాలుగు పాటలుంటాయట. మొదటిది చూసుకోవడం, రెండోది ప్రేమ, మూడోది గొడవ, నాలుగోది మళ్ళీ కలవడం."

తరవాతి ఆటకి పిలార్ రాజేశ్వరమ్మ చెయ్యి పట్టి ఇసుకలోకి లాగింది. చెప్పులు విడిచి నిలబడిందో లేదో, ఎదుట రెండు పాదాల ముద్రలు పడ్డాయి. కుడి మడమ ఈడ్చిన గీత. స్కూటర్ మీంచి పడ్డ ఏడాది నుంచీ ఆయన నడక అదే.

"వచ్చారా," అంది.

రెండు పాటలు కదలకుండా నిలబడింది. మూడోదానికి ఆ పాదాలకేసి చూస్తూ అంది, "మీరు వెళ్దామంటే నేనే ఆపాను. ఒక్కసారి తిట్టండి."

పాదాలు కదల్లేదు. నాలుగో పాటలో మెల్లగా దగ్గరికొచ్చి, ఆవిడ కాలివేళ్ళకి బెత్తెడు దూరంలో ఆగాయి. ఆవిడ చెయ్యి చాపింది. గాలే తగిలింది.

పాట అయ్యాక ఆ పాదాలు వెనక్కి తిరిగి గుడారాల మధ్యనుంచి వెళ్ళిపోసాగాయి.

"ఏవండీ, ఆగండి, నేనూ వస్తున్నా!"

పరుగెత్తింది. గడ్డి మొదలైనచోట ఇసుక అయిపోయింది. అడుగులూ అయిపోయాయి.

వెనకే వచ్చిన పిలార్ స్రవంతి చెవిలో వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. స్రవంతి కళ్ళు తుడుచుకుంది.

"ఏమంటోంది? వచ్చే ఏడు మళ్ళీ వస్తారనా?"

"వీపు తిప్పి వెళ్ళినవాళ్ళు ఇక రారటమ్మా. వాళ్ళాయన ఎప్పుడూ వీపు తిప్పలేదట."

రాజేశ్వరమ్మ ఆ గడ్డి మీంచి కూతురి వైపు తిరిగింది.

"నాకు రాజమండ్రికి టికెట్ బుక్ చెయ్యి. వచ్చే వారానికే."

"రిటర్న్ ఎప్పటికమ్మా?"

"రిటర్న్ వద్దు."

స్రవంతి కింద కూర్చుని, తల్లి పాదాలకంటిన పసుపు ఇసుక దులపబోయింది.

"ఉండనీవే," అంది రాజేశ్వరమ్మ, కాలు వెనక్కి తీసుకుంటూ.