పసుపు నీళ్ళ పీట

మూడోసారి రంగు పూసినా పంకజం చెంప మీది తెల్లమచ్చ దాగలేదు. చోళపురం అమ్మవారి తిరునాళ్ళకు వేసిన నాటకం పందిరి వెనక, రేకుల గదిలో కూర్చుని ఉందామె. పంగుని నెల ఎండకు పైకప్పు కాగిపోతోంది. పూసిన రంగు పూసినట్టే చెమటతో కలిసి మెడ మీదికి జారుతోంది. హరిహరన్ విసుగ్గా స్పాంజిని డబ్బాలో పడేశాడు. రాజపాళయం బస్టాండు వెనక గది తీసుకుని నాటకాలు కుదిర్చే ఏజెంటు అతనే, ముఖాలకు రంగు వేసేదీ అతనే.

"మొకం కదిలించొద్దు అక్కా. అంతా పోతాది," అన్నాడు.

"చెమట నేను పిలిస్తే వచ్చిందా హరీ? మంటగా ఉండాది. కొంజెం నిదానంగా పూయి."

మంట నిజమే. రంగు కింద చర్మం పొక్కింది. ఈ బొల్లి మచ్చలు అంటుకునే జబ్బు కాదనీ, ప్రాణానికి ఏ ముప్పూ లేదనీ, ఈ రంగును ఇంత మందంగా పట్టిస్తేనే పుండ్లు పడతాయనీ పెద్దాసుపత్రి డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పంకజం తల ఊపి వచ్చి, మరుసటి ఊళ్ళో మళ్ళీ పట్టించుకుంది. మచ్చ చేతి మీద మొదలై మెడకు, మెడ నుంచి చెంపకు పాకిన ఈ నాలుగేళ్ళూ అంతే. అమ్మవారి వేషమంటే ఈ చుట్టుపక్కల పంకజమే. ఆ వేషం పోతే ఆమెకు తిరిగి వెళ్ళడానికి ఒకప్పుడు పనిచేసిన నూలుమిల్లు కూడా లేదు. అక్కడ నలభై దాటిన ఆడమనిషిని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు.

ఆ మిల్లులోనే ఆమె నటన నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. ఒకనాడు సూపర్వైజరు చెయ్యెత్తితే, పక్క మెషీను దగ్గర పనిచేసే ఆవిడ వెనక్కి తగ్గకుండా, ఒక్క మాట అనకుండా, అతని కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఎత్తిన చెయ్యి దానంతటదే దిగింది. ఆ చూపును పంకజం ఇంటికి తెచ్చుకుంది. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ దాన్ని తన కళ్ళలోకి ఎక్కించుకుంది. తర్వాత అమ్మవారు రాక్షసుడి ముందు నిలబడే ఘట్టంలో ఆ చూపు చూస్తే ముందు వరసలో ఆడవాళ్ళు లేచి దండం పెట్టారు. వాళ్ళు దండం పెట్టింది ఒక మిల్లు కూలిమనిషికని వాళ్ళకు తెలియదు. తనకు తెలుసు, అదే ఆమె గర్వం.

మచ్చలు వచ్చిన కొత్తలో అద్దం తిరగేసి పెట్టింది. పసరు మందులు తాగింది, మొక్కులు మొక్కింది, ఏడ్చింది. ఒకరోజు కొత్త వేషానికి సాధన చేయాలని అద్దం మళ్ళీ తిప్పింది. ఒక ముసలిదాని నవ్వు పట్టుకోవాలని చాలాసేపు తంటాలు పడి, చివరికి అది దొరికాక గుర్తొచ్చింది, అంతసేపూ మచ్చను చూడనేలేదని. ఆ తర్వాత ఇంట్లో ఏ రంగూ లేకుండా హాయిగానే తిరిగింది. బయటికి రావాలంటే మాత్రం పొడుగు చేతుల రవిక, రంగు డబ్బా.

తలుపు తోసుకుని నరసింహన్ వచ్చాడు. తిరునాళ్ళ కమిటీకి పెద్ద. మామిడి తోటలు, పవర్‌లూమ్‌లు ఉన్నవాడు కనక గది తలుపు తట్టే అలవాటు లేదు.

"ఏమప్పా హరిహరన్, నాలుగు గంటలకు పసుపు నీళ్ళు. ఆడోళ్ళు బిందెలు ఎత్తుకొని వచ్చేసినారు."

"కాళ్ళు కడిగేది దానే కదా అన్నా? ఐదు నిమిషం పని."

"కాళ్ళా? మా ఊర్లో తల మీద పోస్తారప్పా. ఇంటికి ఒక బిందె. అది అయినాక దాన్ నాటకం. నీకి తెలీదా?"

హరిహరన్‌కు తెలియదు. సేత్తూరులో, తళవాయిపురంలో అమ్మవారి వేషం కట్టే మనిషికి పాదాలు కడిగి హారతి ఇస్తారు. ఇక్కడా అంతే అనుకుని అడక్కుండానే ఒప్పుకున్నాడు. తల మీద నీళ్ళు పడితే ముఖాన రంగు నిలవదు. అతను నోరు తెరిచేలోగా నరసింహన్ కళ్ళు పంకజం చేతి మీద పడ్డాయి. ఆ చేతికి ఇంకా రంగు వేయలేదు. రవిక అంచు నుంచి వేళ్ళదాకా తెల్లగా ఉంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇది తెలిసీ దాన్ పిలుచుకొని వచ్చినావా? అమ్మవారి వేషానికి?"

"లైట్లలో తెలీదు అన్నా..."

నరసింహన్ గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. నోటీసుల మీద పంకజం ఫోటో ఉంది. జనం బస్సులు దిగుతున్నారు. నాటకం ఆపితే ఊరి పరువు పోతుంది.

"సరి. ఒక పని చేస్తాము. నీళ్ళకు మా తమ్ముని కూతురు ఇళవరసి కూర్చుంటాది. ఏమ్మా, నువ్వు మీరు వచ్చిన వేన్‌లో ఉండు. ఎవరి కంటా పడొద్దు. చీకటి పడినాక బాగా రంగు పూసుకొని నాటకం మేడై ఎక్కు. పేసిన మాట ప్రకారం డబ్బు ఇస్తాము, బయపడొద్దు."

ఎంత మంచివాడినో అనుకుంటున్నట్టు తనే తల ఊపుకున్నాడు. హరిహరన్ వంగి పంకజం చెవి దగ్గర గొణిగాడు.

"ఒప్పుకో అక్కా. బయట తెలిస్తే ఒక్క ఊరు కూడా పిలవదు. నీకి వేషం లేదు, నాకి పిళప్పు లేదు."

అతని భయం అబద్ధం కాదు. ఆ బతుకుతెరువు ఇద్దరిదీ. ఇంకొక రోజైతే ఒప్పుకునేదేమో. కానీ వేన్ తలుపులన్నీ మూసి, ఆ ఉడుకులో దొంగలా కూర్చోవాలి. తన పేరు చెప్పి తెచ్చిన నీళ్ళు ఇంకొకరి నెత్తిన పోస్తుంటే ఆ చప్పుడు వినాలి. వీళ్ళకు ఆట కావాలి, ఆడే మనిషి అక్కర్లేదు. పంకజానికి ఒళ్ళు మండిపోయింది. కొబ్బరినూనె సీసా వంచి అరచేతిలో పోసుకుంది. ముఖానికి రాసి, పాత గుడ్డతో అద్ది అద్ది తుడిచింది. రంగంతా గుడ్డకు వచ్చింది.

"ఏమి చేస్తా ఉండావు అక్కా!" హరిహరన్ గుడ్డ లాక్కోబోయాడు.

"వదులు హరీ. అయ్యా, నీళ్ళకు నేనే కూర్చుంటాను."

"ఊరు ఒప్పుకోదు."

"ఊరు చెప్పనీ. మీరు చెప్పొద్దు." ఆమె లేచి నిలబడింది. "మొకమంతా పొక్కులు లేస్తే మనం ఏమంటాము? అమ్మవారు పోసింది, తల్లి ఇచ్చిన ముత్తు అని కదా దండం పెడ్తాము? ఆ తల్లి వేషానికి నా మొకం పనికిరాదా? రాణి కావాలంటే రంగు పూస్తాను, ముసలిది కావాలంటే పూస్తాను. అది నా పని. నన్ను దాచేదానికి ఇంక పూయను."

పొడుగు చేతుల రవికను మోచేతుల పైకి మడుచుకుని బయటికి నడిచింది.

గుడి ముందు ముగ్గులో పీట వేసి ఉంది. పసుపు నీళ్ళలో వేపాకులు వేసిన బిందెలతో ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. పంకజం వెళ్ళి పీట మీద కూర్చుంది. డప్పు ఆగింది. వరసలో ఒకామె చంకలోని బిడ్డ ముఖాన్ని కొంగుతో కప్పేసింది. ఇంకొకామె బిందె దించి దూరం జరిగింది.

నరసింహన్ మైకు అందుకున్నాడు. "పొరబాటు అయిపోయింది. నీళ్ళకు కూర్చునేది ఈమె కాదు. ఇళవరసీ, రామ్మా."

పసుపు చీరలో ఇళవరసి పీట దాకా వచ్చింది. పంకజం లేవలేదు. ఆ పిల్ల పెదనాన్న వైపు ఒకసారి, పంకజం వైపు ఒకసారి చూసి, ఏం చేయాలో తోచక పక్కనే నిలబడిపోయింది.

మొదటి బిందె నరసింహన్ ఇంటిది, పోసేది ఆయన తల్లి చెల్లమ్మాళ్. అది ఆ ఊరి ఆచారం. ఎనభై ఏళ్ళ ముసలావిడ బిందెను నడుముకు ఆనించుకుని ముందుకొచ్చి, కళ్ళు చికిలించి చూసింది. చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుంటలు ఆమె ముఖం నిండా ఉన్నాయి. వాటిని దాచుకొమ్మని ఆమెకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు.

"ఏమి అది మొకాన?"

"మచ్చలు అవ్వా. నాలుగేండ్లుగా ఉండాయి."

"ముట్టితే వస్తాదా?"

"రాదు. మీరే ముట్టి చూడండి."

"అమ్మా, బిందె దించు!" నరసింహన్ గొంతు మైకులో గరగరలాడింది.

"నువ్వు ఉండరా," అంది ముసలావిడ, కొడుకు వైపు తిరక్కుండానే. కానీ బిందె వంచలేదు. వెనక వరసలో ఎవరూ ముందుకు రాలేదు, ఇంటికీ వెళ్ళలేదు.

నీళ్ళు పోయించుకునేవాళ్ళు తల వంచుకుని కూర్చోవాలి. పంకజం జుట్టు ముడి విప్పి వెనక్కి వేసుకుంది. ఎండ చెంప మీద సూటిగా పడేలా, వరసలో చివరి ఆడమనిషికి కూడా కనపడేలా ముఖం పైకెత్తింది.

"పోయండి అవ్వా. కండ్లు తెరిచే ఉంటాను."