వెనక సందు దుమ్ము

నా భార్య హేజెల్ పోయిన ఆరో వారంలో విచారణ పెట్టారు. మా ఊళ్ళో ఆ జబ్బుతో ఎవరు పోయినా విచారణ ఉంటుంది. ఊపిరితిత్తుల పొరకి పట్టే రాచపుండు అది. ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్ళకి తప్ప దాదాపుగా రాదు. పీల్చిన ముప్ఫై నలభై ఏళ్ళకి గానీ బయటపడదు. పోయింది ఓడల యార్డులో పనిచేసిన మనిషయితే విచారణ పది నిమిషాల్లో తేలిపోతుంది. హేజెల్ యార్డులో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు. పెళ్ళికి ముందూ తరవాతా గ్రంథాలయంలోనే పనిచేసింది. అందుకని ఆ దుమ్ము ఆమెకి ఎక్కడిదో ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పగలిగినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. నేను, ఆమె తండ్రి.

చెప్పనని నేను హేజెల్‌కి మాట ఇచ్చాను.

మాది స్కార్‌బర్న్, టైన్ నది దక్షిణపు ఒడ్డు. ఇక్కడి బళ్ళో ముప్ఫై ఆరేళ్ళు చరిత్ర చెప్పాను. పిల్లల కోసం ఊరి చరిత్ర పన్నెండు పేజీల్లో నేనే రాశాను. మొదట బొగ్గు, తరవాత ఉప్పు, గాజు, ఆఖరికి ఓడలు. రెండు వందల పదహారు ఓడలు ఈ ఒడ్డు మీంచి నీళ్ళలోకి దిగాయి. పిల్లలు వాటిలో పెద్దవాటి పేర్లు వరసగా ఒప్పజెప్పేవాళ్ళు. ఆ పుస్తకంలో ఒక వాక్యం అంటే నాకు ఒకప్పుడు చాలా ఇష్టం. “ఎంత మురికి పని చేసినా స్కార్‌బర్న్ ఇళ్ళ గడపలు అద్దాల్లా ఉండేవి” అని. అది అబద్ధం కాదు. అలా ఎందుకుండేవో మాత్రం రాయలేదు.

సాయంత్రం ఐదింటికి యార్డు కూత వేసేది. మగవాళ్ళెవరూ ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చేవాళ్ళు కాదు. వెనక సందులోంచి వచ్చి, పెరటి తలుపు దగ్గరే పని బట్టలు విప్పి పడేసి, లోపల టీ ముందు కూర్చునేవాళ్ళు. ఆ బట్టలు దులపకుండా ఇంట్లోకి తేవడం పరువు తక్కువ. ఆడవాళ్ళు వాటిని సందు గోడకేసి బాదేవాళ్ళు. నది దగ్గర మొదలైన ఆ చప్పుడు వీధి వెంట వీధి కొండ మీదికి పాకేది. ఏ ఇంటి గోడ మోగకపోతే ఆ ఇల్లాలి గురించి మర్నాడు రొట్టెల కొట్లో మాట్లాడుకునేవాళ్ళు. మా మామగారు నార్మన్ హెస్లప్ ఓడల్లో ఆవిరి గొట్టాలకి ఆస్బెస్టాస్ ముద్ద కలిపి మెత్తేవారు. ఆ ఇంట్లో బట్టలు బాదే పని కూతురిది.

హేజెల్‌ని నేను మొదట చూసింది అక్కడే. పంతొమ్మిది వందల అరవై ఏడులో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, అడ్డదారిన బడి నించి వస్తున్నాను. ఆ అమ్మాయి నెత్తి నించి కాళ్ళ దాకా తెల్లగా ఉంది.

“రొట్టెలు చేస్తున్నారా?” అన్నాను.

“మా నాన్నని దులుపుతున్నా. కాస్త అవతలికి జరగండి, మీ మీద కూడా పడతాడు” అంది.

ఈ ముచ్చట చెప్పి ఏళ్ళ తరబడి విందుల్లో అందర్నీ నవ్వించాను. పిండిలో పొర్లిన పిల్లని ప్రేమించానని.

డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజు, తిరిగొచ్చే బస్సులో హేజెల్ ఒక్కటే అడిగింది.

“ఎక్కణ్ణించి వచ్చిందో నాన్నకి తెలియకూడదు. ఎనభై రెండేళ్ళాయనకి. నీ నోటి వెంట రాదని మాట ఇవ్వు.”

“ఎక్కడైనా రాయాల్సి వస్తే?”

“రాయకు. నువ్వు రాయకుండా వదిలేసినవి చాలానే ఉన్నాయిగా.”

నవ్వుతూనే అంది. నేను మాట ఇచ్చాను. మార్చిలో పోయింది.

విచారణ కార్యాలయం నించి వచ్చిన కాగితంలో ‘దుమ్ము సోకిన చోటు’ అన్నదానికి ఎదురుగా ‘తెలియదు’ అని ఉంది. ముప్ఫై ఆరేళ్ళు జవాబు రాయని చోటల్లా సున్నా వేసినవాణ్ణి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆదివారం మామగారింటికి వెళ్ళాను. ఆయన పంది మాంసం, బఠాణీ ముద్ద తింటున్నారు.

“రా మాస్టారూ. తిన్నావా?”

“తిన్నాను మామయ్యా.”

“నీ మొహం అలా చెప్పట్లేదే. చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నావు చూడు. మా అమ్మాయి ఉంటే నిన్నిలా వీధిలోకి పంపేదా?”

గుండీ సరిచేసుకున్నాను. “గురువారం విచారణ. మీకూ కాగితం వచ్చిందటగా.”

“వచ్చింది. నేనేం చెబుతాను, డాక్టర్నా?”

“దుమ్ము గురించి అడుగుతారేమో.”

ఆయన కత్తి పళ్ళెం మీద ఆగింది. “యార్డులో కొళాయిలుండేవి. కడుక్కునే వచ్చేవాళ్ళం.”

“ఎనిమిది వందల మందికి పన్నెండు కొళాయిలని మీరే మా పిల్లలకి చెప్పారు, బడికొచ్చినప్పుడు.”

“పిల్లలకి సవాలక్ష చెబుతాం. ఆ ఆవముద్ద సీసా ఇలా జరుపు.”

జరిపాను. అప్పటికింకా మాట మీదే ఉన్నాను.

గురువారం పట్టణ సభాభవనం మేడ మీద గదిలో కూర్చోబెట్టారు. వెనక కుర్చీల్లో పాత యార్డు మనుషులు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళు ప్రతి విచారణకీ వస్తారు. విచారణాధికారి నెమ్మదస్తుడు. నన్ను పిలిచి, మీ భార్యకి ఎప్పుడైనా ఆస్బెస్టాస్‌తో పని పడిందా అని అడిగారు. ఒక్కమాటలో లేదనేయవచ్చు. బల్ల మీద హేజెల్ పేరు రాసిన ఫైలు ఉంది, ఆ ‘తెలియదు’ అందులోనే ఉంది. మామగారి వైపు చూడకుండా, సందులో చూసినదంతా చెప్పాను.

“మీ కళ్ళతో ఎన్నిసార్లు చూశారు?”

“ఒక్కసారే. తరవాతెప్పుడూ నేను వెళ్ళేసరికి పని ముగించి బట్టలు మార్చుకుని ఉండేది.”

“ఎన్నేళ్ళు చేసిందా పని?”

“నేను చూసినప్పటికి తనకి పద్దెనిమిదేళ్ళు. పధ్నాలుగో ఏట మొదలుపెట్టానని తనే చెప్పింది.”

ఆయన రాసుకున్నారు. యార్డు బీమా వాళ్ళ లాయరు కూడా రాసుకున్నాడు. తరవాత మామగార్ని పిలిచారు. ఆయన కోటు గుండీలన్నీ పెట్టుకుని, నిటారుగా నిలబడ్డారు.

“హెస్లప్ గారూ, మీ అల్లుడు చెప్పింది విన్నారా?”

“విన్నానండి. ఆ రోజు మా అల్లుడు మా అమ్మాయిని చూశాడు. అలా చూసేవాడికి దుమ్మొకటి కనపడుతుందంటారా?”

వెనక నవ్వారు. అధికారి కూడా నవ్వు రాకుండా పెదవులు బిగించుకున్నారు.

“మీ అమ్మాయి మీ పని బట్టలు దులిపేదా, లేదా?”

“అది ఆడవాళ్ళ పనండి. నేను లోపల టీ తాగుతుండేవాణ్ణి. సందులోకి చూడలేదు.”

“చప్పుడైనా వినలేదా?”

“ఇరవై ఏళ్ళు రివెట్లు కొట్టే చోట పనిచేశానండి. ఇప్పుడు మీరడిగేది కూడా పెదాలు చూసి పోల్చుకుంటున్నా.”

మళ్ళీ నవ్వారు. ఈసారి కొంచెం గట్టిగా. మా ఊళ్ళో యార్డు మనిషి మాటకి ఉన్న బరువు బడి మాస్టారి మాటకి ఎన్నడూ లేదు. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు, ఆ రోజు దాకా.

ఒక్కసారి చూసిన సాక్ష్యం, చనిపోయిన మనిషి చెప్పగా విన్న మాట, ఇవి చాలవని అధికారి అన్నారు. దుమ్ము సోకిన చోటు నిర్ధారణ కాలేదని రాయించారు. నా నష్టానికి సానుభూతి తెలిపారు. అంతా ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

అందరూ కిందికి దిగిపోయారు. మామగారు మాత్రం గది బయట వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు.

“మాట ఇచ్చి తప్పావు” అన్నారు.

“ఏ మాట?”

“ఆస్పత్రిలో చేరే ముందు ఆదివారం అమ్మాయి వచ్చింది. నా ఎదురుగా కూర్చుని, ‘నాన్నా, నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఇంక మనమిద్దరం దాని ఊసెత్తొద్దు. మా ఆయన నోరు కూడా కట్టేశాను’ అంది. తరవాత నాకు గడ్డం గీసి, టీ గిన్నెలు కడిగి వెళ్ళింది.”

వాళ్ళిద్దరూ తేల్చేసుకున్నారు. ఆమె మంచం పక్కన నాలుగు నెలలు ఆ రహస్యాన్ని నేనొక్కణ్ణే కాపలా కాశాను.

“తెలిసి కూడా లోపల అలా చెప్పారా?”

“నాకు తెలిసింది నాది. ఊరికెందుకు?”

“కాగితం మీద ఉండాలి మామయ్యా.”

“ఎవరి కోసం? అమ్మాయి కోసమా, నీ కోసమా?”

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు.

“పధ్నాలుగన్నావు లోపల.”

“నాతో అలాగే చెప్పింది.”

“ఏడో ఏట. ఆ చలికాలం వాళ్ళమ్మకి నడుం పట్టేసింది. గోడ అందక పిల్ల బకెట్టు బోర్లించి ఎక్కేది. రోజూ కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి. అంత చిన్నపిల్ల అంత గట్టిగా బాదుతోందని నాకు గర్వంగా ఉండేది, తెలుసా? పక్కింటి వాణ్ణి పిలిచి చూపించేవాణ్ణి.”

గది తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపల అధికారి కాగితాలు సర్దుకుంటున్నారు. పది అడుగులు వేస్తే చాలు. మామగారు చెప్పింది చెప్పినట్టు నేను చెప్పగలను. కాదని ఈసారి ఆయన అనలేరు, కన్నీళ్ళు తుడుచుకోను కూడా లేదు.

“చెయ్యి ఇవ్వు మాస్టారూ. ఈ మెట్లు నిటారుగా ఉన్నాయి” అన్నారు.

ఇచ్చాను. సగం మెట్లు దిగేసరికి పైన తలుపు మూసి తాళం వేశారు. కాస్త ఆగుదామన్నారు మామగారు. ఆగాం.