వేస్టు పైపు దగ్గర క్యూ

నేను ఒక పొరని. ఉల్లిపాయ పొర లాంటిదాన్ననుకునేరు! అది మిమ్మల్ని ఏడిపిస్తుంది. నేను మందుల కంపెనీలను ఏడిపించడానికి పుట్టాను.

జాతికి ప్లాస్టిక్‌ని. నన్ను కాగితం కన్నా పల్చగా సాగదీసి, గొట్టం చుట్టూ చాప చుట్టినట్టు చుట్టి, పైన తెల్లటి తొడుగు వేశారు. నా ఒంటినిండా కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలు. వాటిలోంచి నీళ్లు దూరతాయి. ఉప్పు దూరదు, మందు దూరదు, ఎమ్మెల్యే గారి సిఫార్సు ఉత్తరం కూడా దూరదు.

నన్ను ఎర్రకుంటపల్లికి తెచ్చింది నుస్రత్ మేడం. పట్నంలో నీళ్లను పరీక్షించే పెద్ద చదువు ఆమెది. ఆ ఊరికి ఎగువన మందుల కంపెనీ, దిగువన వాగు. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం ఊళ్లో అందరికీ తెలుసు, ఆఫీసు కాగితాల్లో మాత్రం ఎక్కడా లేదు. నన్నొక డబ్బాలో బిగించి, వెనకనుంచి మోటారుతో వాగు నీళ్లు తోసేవారు. మంచినీళ్లు ముందు నల్లాకి వచ్చేవి. నేను ఆపిన సరుకంతా కలిసిన నీళ్లు గోడ వెనక పైపులోకి పోయేవి. దాని పేరు వేస్టు పైపు.

నన్ను చూసుకునే మనిషి స్వరూప. నన్ను కడగడం, మీటరు చూడడం, నల్లా దగ్గర బిందెల తగాదాలు తీర్చడం ఆమె పని. ఆమె మామ పెంటయ్యకు డెబ్బై ఏళ్లు, ఒంట్లో షుగరు. నీళ్ల ప్లాంటు ముందు బల్లమీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను ఆటపట్టించడం ఆయన పని. ఇద్దరిలో ఎక్కువ కష్టపడేది తనేనని ఆయన గట్టి నమ్మకం.

నెల గడిచాక నుస్రత్ మేడం పంచాయతీ దగ్గర జనాన్ని పోగుచేసి పరీక్ష ఫలితాలు చదివింది. "వాగు నీళ్లలో జ్వరం మందు ఉంది, నొప్పుల మందు, బీపీ మందు, షుగర్ మందు, పుండ్లకు వాడే మందు కూడా ఉన్నాయి. కొంచెం కొంచెమే, కానీ రోజూ. ఈ పొర వాటిని ఆపుతోంది."

ఊరు భయపడుతుందనుకుంది పాపం. చదువుకున్న మనిషి కదా! ఊరు సంబరపడింది.

పెంటయ్య లేచాడు. "అమ్మా, షుగర్ గోలీ గూడ ఉన్నదంటివి?"

"ఉంది తాతా."

"మరి దాన్ని ఆపి యాడ వెడుతున్నరు?"

"వెనక వేస్టు పైపులోకి పోతుంది."

"అగో! ఇన్నొద్దుల సంది మందంత తీస్కవోయి మోరిల వోస్తున్నరా? మీ ఇల్లు బంగారంగాను!"

మర్నాడు పొద్దున ముందు నల్లా దగ్గర ఈగలు. వెనక వేస్టు పైపు దగ్గర క్యూ. మోకాళ్ల నొప్పుల నర్సవ్వ రెండు చెంబులు పట్టుకుంది. బీపీ ఉన్న సర్పంచి సీసా పంపించాడు. ఏ రోగమూ లేని సాయిలు ఎందుకైనా మంచిదని బిందెడు మోసుకుపోయాడు. నుస్రత్ మేడం వద్దు మొర్రో అని అరిచింది. ఉచితంగా వచ్చేదాన్ని వద్దన్న మనిషి మాట ఎవరు వింటారు?

కంపెనీ మేనేజరు చక్రపాణి కారు దిగి, క్యూ ముందు నిలబడి ఫొటో దిగాడు. "జనమే అడుగుతున్నారు చూడండి మేడం. మందేగా తాగుతున్నారు! దీన్ని కూడా కాలుష్యం అంటే ఎలా?"

పెంటయ్య అసలు గోలీలు మానేశాడు. పదిరోజులకు చెప్పు కరిచి కాలిమీద పుండు లేస్తే, దానిమీద కూడా ఆ నీళ్లే పోశాడు.

"మామా, గోలీ ఏస్కున్నవా?"

"ఏస్కున్న. చెంబెడు."

"పరాచికాలాడకు. కాలు జూడు, ఎట్ల నల్లగైతున్నదో. దవాఖానకు పోదాం పా."

"నువ్వు డాక్టరువానే, కాలు జూసి చెప్తున్నవ్?"

"నువ్వు డాక్టరువా మరి?"

"నేను గాదు, మన వాగు డాక్టరు. ఫీజు గూడ అడగదు."

నాలుగోరోజు జ్వరంతో ఒళ్లు తెలియలేదు. స్వరూప ప్లాంటుకు తాళం వేసి, ఆయన్ని ఆటోలో పడేసి దవాఖానకు తీసుకుపోయింది. ఒక సూది పనిచేయలేదు, రెండోది పనిచేయలేదు, మూడోదీ అంతే. ఇంకొక్కరోజు ఆగితే మోకాలిదాకా తీసేయాలన్నారు. చివరికి రెండు కాలివేళ్లు తీసి మనిషిని మిగిల్చారు. ఎందుకిలా అయిందో నుస్రత్ మేడం స్వరూపకు చెప్పింది. ఆ వాగులో కంటికి కనపడని రోగపు పురుగులు ఏళ్ల తరబడి మందు కొంచెం కొంచెం రుచి చూసి రాటుదేలాయి. ఇప్పుడు వాటికి మందంటే మనకు చాయ్ లాగన్నమాట. ఆ నీళ్లతో పాటు పుండులోకి చేరినవి అవే.

ఆ సాయంత్రమే వేస్టు పైపు దగ్గర క్యూ కరిగిపోయింది. సాయిలు బిందె తోమి బోర్లించాడు.

నాలో ఉన్న లోపం ఇక్కడ ఒప్పుకోవాలి. నేను ఆపగలను గానీ అరిగించుకోలేను. ఆపిందాన్ని ఏంచేయాలో మనుషులే చూసుకోవాలి. వాళ్లేమో దాన్ని మళ్లీ వాగులోకే వదిలారు.

స్వరూప ఇక వదలలేదు. వేస్టు నీళ్లు డ్రమ్ములకు పట్టి ట్రాక్టరెక్కించింది. అప్పటికి నేను పూడుకుపోయి, నా చోట్లో కొత్త పొర వచ్చింది. నన్నూ డ్రమ్ముల మీద పడేశారు. కాలికి కట్టుతో పెంటయ్య ఇంజను పక్కన కూర్చున్నాడు. ఎవరు దిగమన్నా దిగలేదు.

కంపెనీ గేటు దగ్గర చక్రపాణి ఎదురొచ్చాడు. "ఏంటిదంతా?"

"మీ మందే సారూ," అన్నాడు పెంటయ్య. "మస్తు మిగిలింది. గరీబోళ్లం, ఇంత ఖరీదు మందు మాకెందుకు? లోపల పోయించుకోండ్రి."

చక్రపాణి నాలుగడుగులు వెనక్కి దూకాడు. "ఏయ్, లోపలికి రానివ్వకండి! విషమది! లాన్ మీద పడితే గడ్డి చస్తుంది!"

ట్రాక్టరు వెంట వచ్చినవాళ్ల చేతుల్లో పది ఫోన్లు ఆ మాటను పట్టుకున్నాయి.

పెంటయ్య ముఖంలో నవ్వు పోయింది. "ఏ దినం విషమైంది సారూ? నా కాలివేళ్లు పోకముందా, పోయినంకనా?"

ఆరోజు గేటు తెరవలేదు. కానీ ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. పైనుంచి అడగాల్సినవాళ్లు అడిగారు. రెండువారాలకు డ్రమ్ములు లోపలికి తీసుకుని శుద్ధిచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు మంగళవారం మంగళవారం ట్రాక్టరు వెళ్తుంది. స్వరూప రసీదు లేకుండా దాన్ని కదలనివ్వదు.

నేను ఆరోజు ట్రాక్టరుతోనే తిరిగొచ్చి, ప్లాంటు వెనక చెత్తలో పడున్నాను. నిన్న నుస్రత్ మేడం వచ్చి నన్ను నిలువునా కోసి, నేలమీద పరిచింది. నేను పట్టిందంతా గోధుమరంగు జిగురులా అంటుకుని ఉంది. పెంటయ్య కుంటుకుంటూ వచ్చి వేలు చాపాడు.

"ముట్టకు మామా!" స్వరూప చేతిమీద ఒక్కటిచ్చింది.

"అబ్బ! తాకితేనే కొడ్తవా? నాకు మిగిలిన వేళ్లన్న ఉండనీయే." అని, జేబులోంచి షుగర్ గోలీ తీసి ముందు నల్లా నీళ్లతో మింగాడు. ఖాళీ అయిన గోలీల అట్ట నా మీద విసిరాడు.

ఆ అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఆ కంపెనీ పేరే ఉంది.