ఇంటి దగ్గు

పొద్దున వంట కాగానే కిటికీలో గోనెసంచి కుక్కడం నా పని. గాలి తగిలితే తడిపిన తునికాకు ఎండి చిట్లుతుంది, చాటలోని పొగాకు ఎగురుతుంది. అందుకే మా బాన్సువాడ వాడకట్టులో బీడీలు చేసే ఏ ఇంటి కిటికీ తెరుచుకోదు. పొయ్యి పొగ, పొగాకు ఘాటు, మేము, అందరం ఆ ఒక్క గదిలోనే. నిజాంసాగర్ కాలువలు తవ్వుతున్న ఏడాది కోడలిగా వచ్చాను. అప్పటి నుంచి పద్నాలుగేళ్లుగా ఆ సంచి కుక్కుతూనే ఉన్నాను.

మా అత్త గంగవ్వ దగ్గి దగ్గి పోయింది. రెండేళ్లకు నా యారాలు, అంటే తోడికోడలు నర్సవ్వ, అదే దగ్గుతో. "మా ఇంటి ఆడోళ్లది గంతే. వంశంల ఉన్నది గా దగ్గు," అంటాడు నా భర్త వెంకట్రాములు. ఆ మాటలో బాధతో పాటు కాస్త గొప్ప కూడా వినబడుతుంది. ఆయన బీడీలు కార్ఖానాకు మోసుకుపోయి, అక్కడి అరుగు మీద చల్లగాలికి ముచ్చట్లు పెట్టి వస్తాడు. నా రొమ్ములో గురగుర మొదలైతే నా వంతు వచ్చిందనుకున్నాను. పోయిన నెల తొమ్మిదేళ్ల నా కూతురు సాయవ్వను బీడీలకు దారం చుట్టడానికి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నిన్నటి నుంచి అదీ దగ్గుతోంది. "ఏం గాదు బిడ్డా, మనింటి దగ్గే," అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

ఇవాళ జుక్కల్ నుంచి నా భర్త అక్క సమ్మవ్వ వచ్చింది. జొన్నచేలలో పనిచేసే మనిషి. చాట ముందు నా పక్కన కూర్చున్న కాసేపటికే కళ్లు మండి నీళ్లు కారుతుంటే, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పోయింది.

"గిండ్ల ఎట్ల కూసుంటున్నవే పిల్లా? గాలే ఆడదు గద."

"మీ వంశం దగ్గే గద వదినె. నీకు లేదా?"

"నాకేం దగ్గు? పెండ్లయి జుక్కల్‌కు పోయినంక ఎన్నడు దగ్గలే."

ఆకు కత్తిరిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. సమ్మవ్వ మా అత్త కడుపున పుట్టిన బిడ్డ, ఈ వంశం రక్తం. ఆమెకు దగ్గు లేదు. మా అత్త పుట్టింది కోటగిరిలో, నర్సవ్వ బోధన్‌లో, నేను మహమ్మద్ నగర్‌లో. మూడు ఊళ్ల నుంచి వచ్చిన కోడళ్లం. ఈ ఇంటి రక్తం చుక్క కూడా మాలో లేదు. మరి వంశం దగ్గు మాకెలా వచ్చింది? ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, నర్సవ్వ కోసమే ఎక్కువ. పోయే రోజున కూడా గోడ పట్టుకుని లేచి, జారిన సంచిని తనే సరిగ్గా కుక్కింది, ఆకు ఎండిపోతుందని.

లేచి ఆ సంచి లాగి పారేశాను. సాయవ్వ చేతిలోని దారం తీసుకుని, మేనత్త వెంట బావికాడికి పొమ్మన్నాను. చాట తీసుకుని నేను అరుగు మీద కూర్చున్నాను. ఆకు ఎండినప్పుడల్లా నీళ్లు చల్లుకుంటున్నాను. పని నెమ్మదిగా సాగుతోంది.

అన్నానికి వచ్చిన వెంకట్రాములు వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఏందే గిది? బజార్ల కూసొని ఇజ్జత్ తీస్తున్నవ్. పొగాకంత గాలికి పోతుంది."

"పోనియ్యి," అన్నాను. "ఇన్నేండ్లు గా పొగాకంత యాడికి పోయిందనుకున్నవు? మీ అవ్వ రొమ్ములకు."